కొండచిలువ: దాని స్వభావమును, పోషణమును

తెలుగువారెరిగిన పాములలో నెల్ల పెద్దది కొండచిలువ. చిలువ యను మాటకు ప్రాత తెనుగున పామనియే యర్థము. కావున కొండవంటి పామనియైనను, కొండలయందు దిరుగు పామనియైనను ఈ పేరునకు అర్థము చెప్పుకొనవచ్చును. సంస్కృతమున దీనిని అజగరమందురు. అజమనగా మేక, మేకను మ్రింగునది గనుక అజగరము. అరణ్యపర్వమున నహుషుడు అగస్త్యుని శాపముచే అజగరమై పడియుండి భీమసేనుని జుట్టి పట్టిన కథను మన బాలురు వినియే యుందురు. అంతటి భీముడును ఆ చుట్టలను విడిపించుకొనలేకపోయెను. ధర్మరాజు వచ్చి పాము వేసిన ప్రశ్నలకు తగిన యుత్తరములు చెప్పినపిదప గాని తమ్మునికి విడుదల కలుగలేదు. ఈ కథను చెప్పినవారు ఈ జంతువును కన్నులార జూచినవారే యని మాకు తోచుచుండును. ఏలయన, అందు కాటు లేదు, విషము లేదు. చుట్టి పట్టుకొనుట మాత్రమే యున్నది.

ఇప్పుడు దీనిని గూర్చి వ్రాయబూనుటకు గల కారణమును ముందుగా విన్నవించెదము. పరదేశములలో పిల్లలు పదిపండ్రెండడుగుల కొండచిలువలను మెడకు జుట్టుకొనియు, పరుపులపై పరుండబెట్టుకొనియు ఆడుకొను చిత్రములను మన విద్యార్థులు చేతిఫోనులలో చూచుచున్నారు. చూచి, “దానికి విషము లేదు గదా, మనమును పెంచుకొనరాదా?” యని మమ్మడుగువారు ప్రతి తరగతియందును ఒకరిద్దరుందురు. ఆ పిల్లల యిండ్లలోని పెద్దలో, చేపలచెరువు గట్టున అదే పాము కనబడినచో దుడ్డుకఱ్ఱలతో బయలుదేరుదురు. ఒకే యింటిలో ఒకరికది ఆటవస్తువు, మరియొకరికది ప్రాణశత్రువు. ఈ రెండు తలంపులును ఆ జంతువు నెరుగకపోవుటవలన గలిగినవే గాన, దాని శరీరమునుండియే ప్రారంభింతము.

మన దేశపు కొండచిలువను శాస్త్రగ్రంథమునకెక్కించినవాడు లిన్నేయసు పండితుడు. ఆ సంవత్సరము 1758. నేడు దానిని పైథాన్ మొలూరస్ అని వ్యవహరించుచున్నారు. గ్రుడ్డునుండి వెలువడునప్పుడు అడుగున్నర మొదలు రెండడుగుల పొడవుండి, పెరిగినపిదప సామాన్యముగా పదియడుగుల వరకు వచ్చును. పండ్రెండడుగులది చాల పెద్దదనియే చెప్పవలెను. ఊళ్లలో జెప్పుకొను ముప్పదియడుగుల పాములు భయముచేత పొడవైనవే గాని కొలబద్దచేత గావు. దీనికి విషగ్రంథులు లేవు. విషపు కోరలకు బదులుగా లోనికి వంగిన సూదులవంటి పండ్లు వరుసలు వరుసలుగా నుండును. పెదవుల యంచున చిన్న చిన్న గుంటలు గలవు. ఎలుక గాని పిట్ట గాని దగ్గరకు వచ్చినప్పుడు దాని యొంటి వెచ్చదనమును ఆ గుంటలు పసిగట్టును. చిమ్మచీకటిలో సయితము గురి తప్పకుండుటకు ఇదియే కారణము. తోకమొదట ఇరుప్రక్కల రెండు చిన్న గోళ్లవంటివి కనబడును. ఇవి దీని పూర్వజాతికి కాళ్లుండెననుటకు మిగిలియున్న జాడలు.

ఇది వేటను చంపు విధమును గూర్చి చిరకాలము ఒక పొరపాటు వ్యాపించియుండెను. ఊపిరాడకుండ బిగించి చంపునని పాఠ్యగ్రంథములందును వ్రాసిరి. అమెరికాదేశమున 2015లో ప్రకటింపబడిన పరిశోధనలో, ఇట్లే చుట్టి చంపు బోవాజాతి పాము పట్టిన యెలుకల రక్తపుపోటును కొలిచి చూడగా, చుట్టలు బిగిసిన కొన్ని క్షణములలోనే రక్తప్రసారము తెగిపోవుచున్నట్లు తేలినది. ఊపిరి యాగుటకు మునుపే గుండె చెడుచున్నదన్నమాట. భోజనానంతరము దాని శరీరమున జరుగునది ఇంకను వింత. మన కొండచిలువకు దగ్గరి చుట్టమైన బర్మా కొండచిలువ పెద్ద యాహారమును మ్రింగిన రెండు దినములలో దాని గుండె నూటికి 40 వంతులు పెరుగునని 2005లో కనుగొనిరి. అరుగుదల ముగియగానే ఆ గుండె మరల చిన్నదగును. ఒకమారు కడుపునిండ దిన్నచో వారములకొలదియు, అవసరమైనచో నెలలకొలదియు ఏమియు తినక యుండగలదు. అది సోమరియని లోకులనుకొనుట ఇందువలననే. భాగవతమునందు అజగరవ్రతమును బూనిన ముని దొరికినదానిని దిని, దొరకనినాడు ఊరకయుండెననుటయు ఈ నడవడిని జూచి పుట్టినదే కావలెను.

ఇక స్వభావము. కొండచిలువ పరుగెత్తి మీదబడు జంతువు కాదు. మనుష్యుని యలికిడి తగిలినప్పుడు కదలక పడియుండుటయో, మెల్లగా నీటిలోనికి గాని పొదలోనికి గాని జారుకొనుటయో దాని మొదటి యుపాయము. మార్గము లేకపోయినప్పుడు శరీరమును చుట్టగా జేసికొని, తలను వెనుకకు లాగి, గట్టిగా బుసకొట్టును. అప్పటికిని వదలక కఱ్ఱతో పొడిచినచో కరచును. కరచినచో విషము లేకున్నను పండ్లు లోనికి దిగి నెత్తురు ధారగా గారును. చేయి వెనుకకు లాగికొన్న కొలదియు గాయము పెద్దదగును. ఒక్కొక్క పాముకు ఒక్కొక్క గుణముండుటయు గలదు. ఒకే కాన్పున బుట్టినవానిలో ఒకటి చేతిలో నిమ్మళముగా నుండగా, దాని తోబుట్టువు ప్రతిమారును నోరు తెరచుచుండును. జాతులలోను భేదము గలదు. పశ్చిమ ఆఫ్రికానుండి వచ్చు బాల్ పైథాన్ అను చిన్నజాతి జడిసినప్పుడు తలను లోపల దాచుకొని బంతివలె ముడుచుకొనును. ఆ పేరు దానికట్లు వచ్చినదే. ఆగ్నేయాసియాలోని రెటిక్యులేటెడ్ పైథాన్ అన్నిటికంటె పొడవైనది, త్వరగా రేగునది. మన కొండచిలువ ఈ రెంటికిని నడుమ, శాంతస్వభావము వైపునకే కొంచెము ఒరిగి యుండునని చెప్పవచ్చును.

అయినను శాంతము వేరు, ప్రేమ వేరు. బాలురు ఈ మాటను జాగ్రత్తగా గమనింపవలెను. కుక్క తన యజమానుని ముఖమును, కంఠమును, అడుగుల చప్పుడును ఎరుగును. పెంపుడు కొండచిలువ తరచు తన్నెత్తువాని వాసనకు అలవాటుపడి బెదరుట మానునే గాని అంతకుమించిన చెలిమి దానికి గలదనుటకు నిదర్శనము లేదు. భుజముపై అది కదలక పడియుండుట ఆ భుజము వెచ్చగా నుండుటచేతను, చుట్టుకొనుటకు చెట్టుకొమ్మవలె పట్టు దొరకుటచేతను మాత్రమే. చిత్రములలో జూచు ముద్దుముచ్చటలన్నియు మనుష్యుని వైపునుండియే. పెంచువారికి తగులు కాట్లలో పెక్కింటికి కారణము కోపము గాదు, ఆకలి. ఎలుకను బట్టుకొన్న చేతితోనే పాముపెట్టె మూత తీసినచో దానికి తగులునది ఎలుక వాసన, కనబడునది వెచ్చని చేయి. ఆ చేయి తన్ను పోషించునదని అది యెరుగజాలదు. ఒకసారి పట్టి చుట్టిన పిదప విడువవలెనను తలంపును దానికి సులభముగా గలుగదు.

కోడైకనాలులోని బడియందు చదువుకొనుచుండగా రోములస్ విటేకర్ అను బాలుడు తన మంచముక్రింద ఒక కొండచిలువను పెంచెను. అది వన్యప్రాణిరక్షణచట్టమునకు పూర్వపు మాట. ఆ బాలుడే పెద్దవాడై చెన్నపట్టణమున పాముల వనమును స్థాపించి, 2018లో పద్మశ్రీ బిరుదమందెను. ఈ వృత్తాంతమును జూపి మా వసతిగృహ విద్యార్థి యొకడు తనకును అనుమతి గోరెను. అతని వాదము చక్కగనే యున్నది గాని, విటేకరుగారు జీవితమంతయు చేసినది పాములను అడవిలో బ్రదుకనిచ్చు పని యని మేమతనికి బదులుచెప్పితిమి.

పోషణమన నేమో వివరించినగాని ఇది యెంత బరువైన పనియో తెలియదు. పాముకు తన యొంటిలో వేడిని పుట్టించుకొను శక్తి సామాన్యముగా లేదు. అందుచే దాని గదిలో ఒక ప్రక్క 30 మొదలు 32 డిగ్రీల వెచ్చదనమును, మరియొక ప్రక్క అంతకంటె నాలుగైదు డిగ్రీల చల్లదనమును ఎల్లకాలము నిలుపవలెను. వెచ్చదనము తగ్గెనా, తిన్నది అరుగక కక్కివేయును, రొమ్ముపడిశము బట్టును. హెచ్చెనా, మన యేలూరు వేసవిలో మూతవేసిన పెట్టెయందు ఒక్క మధ్యాహ్నములో చచ్చును. పూర్తిగా మునుగుటకు తగిన నీటితొట్టియు, దాగుటకు చీకటిగూడును, తాళము వేయదగిన తలుపును ఉండవలెను. తలతో త్రోసి త్రోసి ఎంతటి మూతనైనను సందుచేసికొనుటలో దీనికి సాటిలేదు. కుబుసము విడుచుటకు ముందు కన్నులు పాలవలె నీలితెలుపగును. ఆ దినములలో దానికి చూపు మందగించి బెదరుచుండును గాన తాకరాదు. భోజనము చేసిన రెండు దినములలోపల ఎత్తరాదు. ఎనిమిదడుగులు దాటిన పామును ఒంటరిగా ఎవ్వరును ముట్టగూడదని అనుభవజ్ఞులైన పోషకులందరును నియమముగా బెట్టుకొన్నారు. రెండవ మనిషి చేరువనుండి తోకవైపునుండి చుట్టలను విప్పవలెను. బ్రదికియున్న యెలుకను లోపల విడిచిపెట్టుట పాముకే ప్రమాదము. ఆకలిలేని పామును ఎలుక కొరికి గాయపరచిన సందర్భములు పెక్కు గలవు. అందుచే చంపి చల్లబరచి నిలువయుంచిన యెలుకలను మరల వెచ్చజేసి పెట్టుదురు. ఏ తల్లి తన వంటయింటి మంచుపెట్టెలో పాలప్రక్కన ఎలుకలనుంచనిచ్చునో మేమెరుగము.

ఇదియంతయు ఎన్నాళ్లు? అమెరికాలోని సెయింట్ లూయీ జంతుప్రదర్శనశాలకు 1961లో చేరిన బాల్ పైథాన్ ఒకటి, కనీసము 62 ఏండ్ల వయస్సున, 2020లో 7 గ్రుడ్లు పెట్టెను. పెద్దజాతులు అన్నేండ్లు బ్రదుకకున్నను ఇరువది సంవత్సరములు సులభముగా బ్రదుకును. అనగా పండ్రెండవ యేట ముచ్చటపడిన బాలుడు తన బిడ్డలను బడిలో వేయు నాటికిని దానికి ఎలుకలు తెచ్చుచునే యుండవలెను.

మన దేశమున మాత్రము ఈ లెక్కలు వేసికొనవలసిన పనియే లేదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమున కొండచిలువ మొదటి షెడ్యూలునందు, పెద్దపులితో సమానముగా జేర్చబడియున్నది. దానిని పట్టుట, చంపుట, ఇంటనుంచుకొనుట, అమ్ముట, తోలును దాచుట అన్నియు నేరములే. శిక్ష మూడేండ్లకు దక్కువగాని ఖైదు. ఏడేండ్ల వరకు విధింపవచ్చును. పరదేశజాతులను గూర్చి 2024లో కేంద్రప్రభుత్వమువారు నియమములు ప్రకటించిరి. చట్టపు నాలుగవ షెడ్యూలునకు జేరిన పరదేశపు ప్రాణిని పెంచువారు దానిని ప్రభుత్వమువద్ద నమోదు చేయింపవలెను. బాల్ పైథాన్ అట్టి జాతులలోనిదే. సంతలలోను తీర్థములలోను బుట్టలో దెచ్చి మెడలో వేసి ఛాయాచిత్రములు తీయించువారు గలరు. ఆ పాములు ఆకలిచేతను పుండ్లచేతను శుష్కించి కదలలేక యున్నవే గాని సాధువులై గాదు. అట్టివారికి డబ్బిచ్చుట మాని, కొండచిలువను జూడగోరువారు హైదరాబాదులోని నెహ్రూ జంతుప్రదర్శనశాలకు బోవుట మేలు.

దీని గుణములలో మాకు మిక్కిలి యాశ్చర్యము గలిగించునది తల్లితనము. పాములు గ్రుడ్లు పెట్టి పోవుననియే చాలకాలము పండితులు నమ్మియుండిరి. లమార్-పికో అను ఫ్రెంచి ప్రయాణికుడు మన దేశమునుండి తిరిగిపోయి, కొండచిలువ ఆడుది గ్రుడ్లను చుట్టుకొని కోడివలె వెచ్చదనముతో పొదుగునని పారిసు పండితసభలో జెప్పగా వారు నమ్మరైరి. చల్లని నెత్తురు గల జంతువు వెచ్చదనము నెట్లిచ్చునని వారి సందేహము. 1841లో పారిసు జంతువనములోనే ఒక కొండచిలువ గ్రుడ్లు పెట్టి చుట్టుకొని కూర్చుండెను. వలెన్సియెన్ పండితుడు దాని చుట్టల నడుమ ఉష్ణమాపకము నుంచి చూడగా లోపలి వేడి గదిలోని వేడికంటె చాల హెచ్చుగా నుండెను. 1966లో న్యూయార్కు జంతుప్రదర్శనశాలలోని బర్మా కొండచిలువపై మరల పరీక్షలు జరిగెను. తల్లిపాము తన కండరములను మాటిమాటికి వణకించి ఆ వేడిని పుట్టించుచున్నదనియు, గాలి చల్లబడినకొలది ఆ వణకు హెచ్చుచున్నదనియు తేలెను. రమారమి రెండు నెలలు ఆ తల్లి ఆహారము ముట్టదు; నీటికొరకు తప్ప గ్రుడ్లను విడువదు. మన ప్రాంతములందు ఎండలు ముదిరిన దినములలో గ్రుడ్లు పెట్టి, వానలు పడిన పిదప పిల్లలగును. కావున వేసవిలో పుట్టలోనో గట్టుబొరియలోనో చుట్టుకొని కదలని పెద్దపామును జూచినవారు అది జబ్బుపడినదనియో ఎవరినో పొంచియున్నదనియో తలపరాదు. పిల్లలు పుట్టిన పిదప తల్లికి వానితో సంబంధము లేదు.

కొండచిలువను ముద్దుగా దెచ్చి విసుగుచెంది విడిచినచో నేమగునో అమెరికాలోని ఫ్లోరిడా సీమ చెప్పుచున్నది. అచ్చటి ఎవర్‌గ్లేడ్సు మన కొల్లేరువలె లోతులేని మంచినీటిమడుగు. తుంగయు జమ్మును నిండినది, పక్షులకు నిలయము. ఇంటిలో పట్టనంత పెరిగిన బర్మా కొండచిలువలను యజమానులు అందు విడిచిరి. 1992లో వచ్చిన గాలివానకు పాముల పెంపకపు కొట్టములు కూలి మరికొన్ని బయటబడినవని చెప్పుదురు. అవి వేలకొలది పెరిగినవి. 2012లో వెలువడిన పరిశోధన ప్రకారము, ఆ పాములు చిరకాలముగా నున్న భాగములలో రాకూన్ అను జంతువులు కనబడుట నూటికి 99 వంతులు తగ్గిపోయెను. కుందేళ్లును దాదాపుగా మాయమయ్యెను. ఆ యేడే అచ్చటి ప్రభుత్వము ఆ పాముల దిగుమతిని నిషేధించెను. ఇంతచేసియు వానిని పట్టుట వశముగాక, 2017 జనవరిలో తమిళదేశపు ఇరులజాతివారైన మాసి సడయన్, వడివేల్ గోపాల్ అను నిరువురిని పిలిపించుకొనిరి. బడిచదువు లేని ఆ యిరువురును, పొదలలోని జాడలను, కుబుసపు ముక్కలను, ఎండకాచుకొనుటకు దగిన తావులను బట్టి వెదకి కొలది వారములలోనే 27 కొండచిలువలను బట్టియిచ్చిరి. 2023లో వారిరువురికిని పద్మశ్రీ లభించినది.

ఇట్టిది దూరదేశపు కథయని అనుకొనవలదు. అందముకొరకు దెచ్చిన గుర్రపుడెక్క కొల్లేటిని కప్పివేసినది మన కన్నులయెదుటి మాటయే. అద్దపుతొట్లలో పాచిని తినుటకై దెచ్చిన దెయ్యపుచేప నేడు మన జిల్లాల చెరువులలో వలలను చించుచు, రైతులకు తలనొప్పియై యున్నది. ఇంకొక పరదేశపు పామునకు గూడ ఇచ్చట తావీయవలెనా?

మన సొంత కొండచిలువ మాత్రము కొల్లేటికి క్రొత్తది గాదు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు యేరులు దెచ్చిన నీటితో నిండి ఉప్పుటేరు ద్వారమున సముద్రమున గలియు ఈ సరస్సు 1999లో వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2002లో రామ్సర్ ఒడంబడిక చిత్తడినేలల పట్టికకెక్కెను. ఈత కొండచిలువకు నడకకంటె సులువు. నీటిలో మునిగి ముక్కుకొన మాత్రము పైకుంచి గంటలకొలది యుండగలదు. కిక్కిసపొదలు, లంకల గట్లు, చేపలచెరువుల అంచులు దానికి తగిన చోట్లు. తాడేపల్లిగూడెము ఎగువ మెట్టలోని జీడితోపులును, పామాయిలు తోటలును ఎలుకలకు విందుభూములు. ఎలుకలున్నచోటికి పాములు వచ్చుట సహజము. రాజస్థానమునందలి భరత్‌పురపు పక్షుల సరస్సులో కొండచిలువలు ఏదుపందుల బొరియలలో కాపురముండి, చలికాలపు పగళ్లలో వెలుపలికి వచ్చి ఎండ కాచుకొనుటను శాస్త్రజ్ఞులు చక్కగా పరిశీలించి వ్రాసిరి. మన కొల్లేటి కొండచిలువలనుగూర్చి యట్టి పరిశీలనము చేయుటకు మన విద్యార్థులలో నొకడు ముందుకు వచ్చినచో మాకు మిక్కిలి సంతోషము. అది పందికొక్కులను తినుటచే వరిరైతునకు గలుగు లాభమును, కోళ్లగూటిలో దూరి కోడిని మ్రింగుటచే గలుగు నష్టమును ప్రక్కప్రక్కన బెట్టి చూడవలసినదే. మా యెన్నికలో లాభమే హెచ్చు.

ఇక తలిదండ్రులు ముఖ్యముగా వినవలసిన సంగతి యొకటి గలదు. 1785లో ఇంగ్లీషు వర్తకసంఘమువారిచే ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నియమింపబడిన పాట్రిక్ రసెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున నుండి, ఏ పాములకు విషము గలదో ఏ పాములకు లేదో జనులకు దెలియజేయవలెనని తీరపు పాములను సేకరించి పరీక్షించెను. ఆయన గ్రంథము 1796లో లండనున వెలువడెను. అందు పాముల పేర్లను మనవారు చెప్పినట్లే తెలుగున నిచ్చెను. కొండచిలువ అందు పెద్దపొడ. ఘోరవిషము గల రక్తపింజర కాటుకరేకులపొడ. పొడయనగా మచ్చ. రెండును మచ్చలపాములే, రెండును లావైనవే యని ఆనాటి మనవారికి దెలియును. కాని ఒకదాని మచ్చలకు కాటుక దిద్దినట్లు నల్లని యంచుండునని కూడ వారు గుర్తించి పేరులోనే చెప్పియుంచిరి. ఆ రక్తపింజరకు నేడు ప్రపంచమంతటను రసెల్ పేరే పెట్టియున్నది.

కొండచిలువ పిల్లయు రక్తపింజరయు పొడవులో సమానముగా నుండుటచే ఇచ్చట రెండు విధముల కీడు జరుగుచున్నది. రక్తపింజరయని భ్రమించి కొండచిలువ పిల్లలను చంపుట ఒకటి. రెండవది దీనికంటె ఘోరము: విషములేని కొండచిలువ పిల్ల యనుకొని, ఫోనులో బొమ్మ తీయించుకొనుటకై రక్తపింజరను చేత బట్టుట. పెంపుడుపాముల చిత్రములు చూచి ధైర్యము దెచ్చుకొన్న బాలురను గూర్చి మాకు గల భయమంతయు ఇక్కడనే. భేదములను జెప్పెదము. రక్తపింజర వీపున మూడు వరుసలలో కోడిగ్రుడ్డు ఆకారపు మచ్చలు గొలుసువలె క్రమముగా నుండును; ఒక్కొక్కదానికి నల్లని యంచును, దాని వెలుపల తెల్లనిగీటును గలవు. కొండచిలువ మచ్చలు చిరిగిన గుడ్డముక్కలవలె క్రమము లేక, ఒకదానికొకటి పోలికలేక యుండును. తలపై బాణపుమొనవంటి గుర్తుండును. రక్తపింజర తల త్రికోణముగా, చిన్న గరుకు పొలుసులతో నిండి, ముక్కురంధ్రములు పెద్దవై యుండును. దాని బుస కుక్కరు ఆవిరి విడిచినట్లు ఎడతెగక వినబడును. ఇవి పుస్తకమునందలి బొమ్మలను జూచి నేర్చుకొనుటకే గాని, గట్టుమీద వంగి పరీక్షించుటకు గావు. ఈనిననాటి రక్తపింజర పిల్లకును విషము పూర్తిగా నుండును. కావున బాలురకు మేము చెప్పు సూత్ర మొక్కటే: మచ్చలుగల లావుపాము కనబడినచో అది రక్తపింజరయే యని యెంచి పది యడుగులు వెనుకకు బోవలెను.

కాటుపడినచో, గాయమును కోయుట, నోటితో పీల్చుట, గట్టిగా కట్టుకట్టుట, మంత్రములకై కాలము గడపుట కూడదు. కరచిన కాలినో చేతినో కదలనీయక, రోగిని నడిపింపక, తిన్నగా ప్రభుత్వ వైద్యశాలకు కొనిపోవలెను. అచ్చటనిచ్చు విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజర యను నాలుగింటి విషమునకును పనిచేయును. ఆ మందు తయారీకి వలయు విషమును చాలవరకు సమకూర్చుచున్నది 1978లో చెన్నపట్టణము చేరువ ఏర్పడిన ఇరులవారి సహకారసంఘమే. పూర్వము తోళ్లకై పాములను చంపి బ్రదికిన జాతి అది. కొండచిలువ కాటుకు విరుగుడు పనిలేదు. సబ్బుతో కడిగి ధనుర్వాతపు సూది వేయించుకొనవలెను.

చెరువు చుట్టు కట్టిన నైలాను వలలో కొండచిలువ చిక్కుట కొల్లేటి యూళ్లలో తరచు జరుగు సంగతి. బుడమేరు పొంగి లంకలు మునిగిన 2024 సెప్టెంబరువంటి వరదలలో పాములన్నియు మెరకకు జేరును గనుక ఇట్టివి హెచ్చుగా నుండును. చిక్కినదానిని లాగరాదు. లాగినచో నూలు పొలుసులలోనికి దిగి చర్మము కోసికొనిపోవును. పైకి చిన్నగాయమే యైనను కొన్నాళ్లకు చచ్చును. ఏలూరులోని అటవీశాఖ వన్యప్రాణి విభాగమువారికి గాని దగ్గరలోని శిక్షణపొందిన పాములు పట్టువారికి గాని కబురంపి, వారు వచ్చు వరకు పిల్లలను కుక్కలను దూరముగా నుంచి, ఎండ తగులకుండ తడిగోనె నొకదానిని పొడుగాటి కఱ్ఱతో దానిపై కప్పవలెను. వచ్చినవారు తలకు దూరముగా వలను చుట్టును కత్తిరించి, వలముక్కతోనే పామును సంచిలో వేసికొని, పిదప నీడపట్టున నెమ్మదిగా ఒక్కొక్క పోగును కోయుదురు. వల చెడిపోవును, రైతునకు నష్టమే. అడుగుభాగమున వలను నేలకానక రెండు జానల యెత్తున గట్టినచో పాములు క్రిందుగా దాటిపోవును, పక్షులకు మాత్రము అడ్డు తగ్గదు. ఈ మార్పునకు కొత్త ఖర్చేమియు లేదు.